బేగంపేటనుండి శంషాబాదునకు
ఒక విమానాశ్రయము కథ

నేటి ప్రసంగమునకు విషయము విమానాశ్రయము. చెఱకుతోటలు, వరిమడులు చూచుకొనుచు, బెల్లము అనకాపల్లి మార్కెట్టునకు చేర్చుకొను మనకు విమానాశ్రయముతో పని యేమి యని పెద్దలు కొందఱు తలపవచ్చును. పని రెండు విధముల కలదు. మన బిడ్డలలో హైదరాబాదు, బెంగుళూరులకును, సముద్రములకు ఆవలి దేశములకును పోయి జీవించువారు నేడు ప్రతి గ్రామమునందును ఉన్నారు. వారిని పంపుటకో తోడితెచ్చుటకో ఆ ద్వారముకడకు మనము పోక తప్పదు. ఇది మొదటిది. ఎంతటి మహానగరమునకైనను విమానాశ్రయము కట్టవలసివచ్చినప్పుడు దానికి వలసిన నేల నగరములో దొరకదు, పల్లెలలోనే దొరకును. ఇది రెండవది. కావున ఒక విమానాశ్రయము మూతపడి మఱియొకటి వెలయుటలోని కార్యకారణములను పల్లెటూరి పెద్దలు నగరవాసులకంటె శ్రద్ధగా తెలిసికొనదగును.

విమాన శబ్దమునకు మన నిఘంటువులలో ఆకాశయానమనియు, గర్భగృహముపై నుండు శిఖరమనియు, ఏడంతస్తుల మేడయనియు అర్థములు కలవు. పుష్పకము దిగుటకు ప్రత్యేకముగా ఒక చోటు కావలెనని మన కథలు చెప్పవు. మానవుడు కట్టిన విమానమునకు మాత్రము ఆకాశముకంటె నేలతోనే చిక్కు హెచ్చు. అది గాలిలో నిలువవలెనన్న ముందు నేలపై మిక్కిలి వేగముతో పరుగెత్తవలెను. దిగిన తరువాత ఆ వేగము చల్లారువఱకు మరల పరుగెత్తవలెను. ఈ పరుగు కొఱకు వేసిన చదునైన బాటనే రన్‌వే యందురు. విమానాశ్రయమునకు ప్రాణము ఈ బాటయే. తక్కిన మేడలు, గోపురములు, దుకాణములు దీనికి అంగములు.

మన దేశపు విమానసంస్థ క్రమము తప్పక విమానము నడుపుట 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ప్రారంభమైనది. టాటావారి తపాలా విమానము ఆనాడు కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరినది. అచ్చటినుండి బళ్లారి మీదుగా మదరాసునకు ఆ సర్వీసు సాగినది. కొన్ని యేండ్లకు బళ్లారికి బదులు హైదరాబాదు ఆగుచోటైనది. అప్పటికే నిజాము రాజ్యమున హైదరాబాదు ఏరో క్లబ్బు వెలసి, బేగంపేటయందు విమానములు దిగు మైదానము ఏర్పడియుండెను. ఆ ప్రాంతము పూర్వము నిజాము వంశపు ఆడుపడుచునకు వివాహకాలమున అరణముగా లభించినదనియు, ఆమె బేగము గనుక ఆ పేటకు బేగంపేట యను పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఆ దినములలో అది హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములకు అంచున నున్న బయలు. హుస్సేనుసాగరమునకు ఉత్తరముగా, రైలుమార్గమునకు చేరువగా నుండుటచే ఎంతో అనుకూలమైన తావుగా ఎంచబడెను.

1945లో నిజాము ప్రభుత్వమును టాటావారును కలిసి డెక్కను ఎయిర్‌వేసు అను సంస్థను స్థాపించిరి. మఱుసటి యేటినుండి దాని విమానములు ఎగురసాగినవి. యుద్ధము ముగిసినపిమ్మట చౌకగా దొరికిన డకోటా విమానములతో ఆ సంస్థ వృద్ధినొందెను. భారతదేశమున వాణిజ్య విమానమును నడిపిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్ గారికి కొలువిచ్చిన సంస్థయు ఇదియే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో చేరిన పిమ్మట, 1949 ఫిబ్రవరిలో సర్దారు వల్లభాయి పటేలు అచ్చటికి విచ్చేయగా, నిజాము బేగంపేట మైదానమునకు వచ్చి చేతులు జోడించి స్వాగతమిచ్చెను. ఆ ఛాయాచిత్రము మీలో అనేకులు చూచియేయుందురు. ఒక రాజ్యపు చరిత్ర మలుపుతిరిగిన ముహూర్తమునకు ఆ మైదానము సాక్షియైనది. 1953లో విమానసంస్థలను జాతీయము చేసినపుడు డెక్కను ఎయిర్‌వేసును ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైపోయెను.

పిమ్మట ఏబదియేండ్లలో విమానాశ్రయము కదలలేదు, నగరము కదలినది. పేట వెనుక పేటగా ఇండ్లు పెరిగి, బయలుగా నున్న చోటు నట్టనడుమ యైనది. ఒకవైపు రసూలుపుర, ప్రకాశనగరము, ఒకవైపు బోయినపల్లి, ఒకవైపు సనత్‌నగరము. వైమానిక దళమువారి స్థావరమును అదే మైదానమును ఆనుకొనియున్నది. ఊరిచెఱువు గట్టుక్రింద ఇండ్లు కట్టుకొన్నపిమ్మట గట్టును ఎత్తుచేయుట యెంత కష్టమో, ఇండ్ల నడుమ చిక్కిన రన్‌వేను పొడిగించుట అంత కష్టము. అంతేకాదు. విమానము దిగునప్పుడు నిలువుగా దిగదు. కొన్ని మైళ్ల దూరమునుండి ఏటవాలుగా వంగుచు వచ్చును. ఆ వాలుదారిలో ఎత్తైన మేడగాని, స్తంభముగాని ఉండరాదు. కావున రన్‌వే చుట్టును ఇండ్ల ఎత్తునకు కట్టడి యుండును. నగరము పైకి పెరుగగోరును. విమానము క్రిందికి రాగోరును. ఈ రెండు కోరికలకును పొత్తు కుదరదు. దీనికి తోడు రేయింబవళ్లు విమానముల మ్రోతచే నిద్రకు దూరమైన కాపురస్థుల బాధయు కలదు.

ఇచట ఒక చిన్న శాస్త్రవిషయము చెప్పెదను. రన్‌వే దిక్కు కట్టువాని యిష్టము ననుసరించి యుండదు. గాలి ననుసరించి యుండును. గాలికి ఎదురుగా పరుగెత్తిన విమానము త్వరగా లేచును. గాలిపటము ఎగురవేయు బాలుడు గాలికి ఎదురు పరుగెత్తుట మీరెఱుగుదురు గదా. దక్కను పీఠభూమిపై వర్షాకాలమంతయు పడమటిగాలి వీచును. కావున బేగంపేట రన్‌వే తూర్పుపడమరలుగా వేయబడినది. తరువాత శంషాబాదున వేసినదియు అట్టిదే. రన్‌వే కొనలయందు పెద్ద అంకెలు వ్రాయుదురు. ఒక కొనను 09 అనియు, రెండవ కొనను 27 అనియు ఉన్నయెడల, దిక్సూచియందు 90 అంశలు తూర్పును, 270 అంశలు పడమరను గుర్తించునని అర్థము. చివరి సున్నను విడిచి వ్రాయుట వారి సంప్రదాయము.

1990ల చివర క్రొత్త తావును వెదకుట ప్రారంభమైనది. బొంగులూరు, నాదర్‌గుల్, శంషాబాదు అను మూడు స్థలములను ఆలోచించి, బెంగుళూరు రహదారికిని శ్రీశైలము రహదారికిని నడుమ నుండుటచేతను, రైలుమార్గము చేరువనుండుటచేతను శంషాబాదును ఎన్నుకొనిరి. అది నగరమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరమున నున్నది. 2004 డిసెంబరులో కేంద్రప్రభుత్వముతో ఒడంబడిక జరిగి, 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగెను. ఈ నిర్మాణమున ప్రభుత్వము ఒంటరిగా పూనుకొనలేదు. అప్పుడు నూటికి 63 వంతులు జి.ఎం.ఆర్. సంస్థవి, 11 వంతులు మలేషియా విమానాశ్రయ సంస్థవారివి, 13 వంతులు భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థవి, 13 వంతులు రాష్ట్రప్రభుత్వమువి. ఈ జి.ఎం.ఆర్. సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావుగారు మన ఉత్తరాంధ్రమునందలి రాజాము వాస్తవ్యులు. గోగునార వ్యాపారముతో పైకి వచ్చినవారు.

ఇక విస్తీర్ణము వినుడు. శంషాబాదు విమానాశ్రయమునకు సేకరించిన నేల సుమారు 5,500 ఎకరములు. మైలు పొడవు, మైలు వెడల్పు గల చదరమున 640 ఎకరములుండును గనుక, అట్టి చదరములు ఎనిమిదిన్నర యని యెంచుకొనుడు. రన్‌వే పొడవు 4,260 మీటర్లు, అనగా రెండున్నర మైళ్లకు పైబడినది. బేగంపేట రన్‌వే ఇంచుమించు రెండు మైళ్లు. మొదట ఏడాదికి ఒక కోటి ఇరువది లక్షల ప్రయాణికులకు సరిపడునట్లు క్రొత్త భవనమును కట్టిరి.

ఇచటనే ముఖ్యమైన ప్రశ్న పుట్టును. క్రొత్తది కట్టినంతమాత్రమున పాతదానిని ఏల మూయవలెను? రెండును నడువరాదా? ఈ ప్రశ్ననే 2008లో విమానాశ్రయ ప్రాధికార సంస్థ ఉద్యోగులు అడిగిరి. బేగంపేటను మూయరాదని వారు పనులు మాని నిరసించిరి. వారి వాదమున బలము లేకపోలేదు. ప్రజాధనముతో పెరిగిన ఆశ్రయము, ఊరినడుమ నున్నది, దగ్గర ప్రయాణములకైనను ఉంచరాదా యని వారి మాట.

రెండవ పక్షపు వాదమును సంతతో పోల్చి చెప్పవచ్చును. ఊరినడుమ పాతసంత సాగుచుండగా, ఆరు క్రోసుల దూరమున క్రొత్తసంత పెట్టినచో కొనువాడు పోడు. కొనువాడు పోనిచోటికి అమ్మువాడు పోడు. పందిళ్లు వేసినవాడు అప్పులపాలగును. ఇది ఊహామాత్రము కాదు. కెనడా దేశమున మాంట్రియలు నగరమునకు దూరముగా మిరాబెల్ అనుచోట 1975లో మహావిమానాశ్రయము తెఱచిరి. దానికై సుమారు 97 వేల ఎకరములు రైతులనుండి లాగికొనిరి. దోర్వాలునందలి పాత ఆశ్రయమును మాత్రము మూయలేదు. జనులు చేరువదానినే కోరిరి. తుదకు 2004లో మిరాబెలునకు ప్రయాణికుల విమానములు పూర్తిగా నిలిచిపోయినవి. భూములలో చాల భాగము మరల రైతులకు ఇచ్చివేయవలసివచ్చెను. ఇండ్లు విడిచి, తోటలు విడిచి పోయిన కుటుంబములకు మధ్యకాలమును ఎవరు తిరిగి యీయగలరు?

ఇట్టి నష్టమునకు వెఱచియే శంషాబాదు ఒడంబడికయందు ఒక నియమమును వ్రాసికొనిరి. ఆ విమానాశ్రయమునకు 150 కిలోమీటర్ల ఆకాశదూరములోపల, తెఱచిన నాటినుండి 25 సంవత్సరములవఱకు, మఱియొక ప్రయాణిక విమానాశ్రయమును పెంపొందింపరాదు. బేగంపేట మూతకును మూలమిదియే. అయితే ఈ నియమపు నీడ దూరముగా పడినది. ఓరుగల్లువద్ద నిజాముకాలపు మామునూరు మైదానము కలదు. అది 150 కిలోమీటర్ల లోపలిది. దానిని పునరుద్ధరింపవలెనని ఆ ప్రాంతమువారు ఎంత కోరినను ఈ నియమము అడ్డుగా నిలిచినది. తుదకు 2025లో, శంషాబాదు సంస్థ తన అభ్యంతరమును విడిచిన మీదటనే, కేంద్రప్రభుత్వము అనుమతినిచ్చెను. ఒక పత్రమున వ్రాసిన ఒక వాక్యము మఱియొక జిల్లా ప్రజల ప్రయాణమును ఎన్నియేండ్లు ఆపగలదో దీనివలన తెలియుచున్నది.

2008 మార్చి 14న శంషాబాదునందలి రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునకు ప్రారంభోత్సవము జరిగినది. మార్చి 22వ తేదీ రాత్రి గడచి 23 వచ్చుటతో విమానములన్నియు అచ్చటికి మారినవి. ఈ మార్పు ఒక్కరాత్రిలో జరుగుట మీకు వింతగా తోచవచ్చును. కొన్ని దినములు కొన్ని విమానములు ఇచ్చట, కొన్ని అచ్చట నడచినయెడల, ఒక విమానము దిగి మఱియొకటి ఎక్కవలసినవాడు నగరమంతయు దాటిపోవలెను. సిబ్బందియు, సామగ్రియు రెండింతలు కావలెను. కావుననే లోకమున చాలచోట్ల ఈ పని ఒక్కరాత్రిలోనే చేసిరి. హాంకాంగునందు 1998 జూలైలో కైటాక్ ఆశ్రయమును మూసి, తెల్లవారునప్పటికి దీవిమీద కట్టిన క్రొత్త ఆశ్రయమును నడపిరి. బెంగుళూరును 2008 మే మాసమున హెచ్.ఏ.ఎల్. మైదానమునుండి దేవనహళ్లికి మారినది.

ప్రతి విమానాశ్రయమునకును మూడక్షరముల గుర్తు ఒకటి యుండును. టికెట్టుమీదను, పెట్టెకు కట్టు చీటిమీదను దానినే వ్రాయుదురు. హైదరాబాదు గుర్తు హెచ్, వై, డి. అది బేగంపేటతో పెరిగిన గుర్తు. ఆశ్రయము మారగా ఆ అక్షరములును శంషాబాదునకు పోయినవి. బేగంపేటకు బి, పి, ఎమ్ అను వేఱు గుర్తు ఏర్పడినది. పేరు ఊరిది కాని, ఇటుకది కాదని దీని భావము.

ప్రయాణికుల విమానములు పోయినంతమాత్రమున బేగంపేట పాడుపడలేదు. వైమానిక దళమువారును, ప్రభుత్వప్రముఖుల విమానములును, ఎగురుట నేర్చుకొను విద్యార్థులును దానిని వాడుకొనుచునే వచ్చిరి. 2008 మొదలుకొని విమానముల ప్రదర్శనోత్సవములు అచ్చట జరిగినవి. 2024 మార్చిలో పౌరవిమాన పరిశోధనకై ఒక కేంద్రమును అచ్చట తెఱచిరి. ఇతరదేశములలో వేఱు దారులును త్రొక్కిరి. బెర్లిను నగరపు టెంపెల్‌హోఫ్ మైదానమును 2008 అక్టోబరులో మూసి, 2010లో జనులు విహరించు తోటగా విడిచిరి. అందు ఇండ్లు కట్టుదమని తలపెట్టగా 2014లో నగరవాసులు ఓట్లువేసి వలదనిరి. పాత ఆశ్రయము ఏమి కావలెనను ప్రశ్నకు ఒకే ప్రత్యుత్తరము లేదు. కాని ఆ ప్రశ్నను ముందుగానే అడుగుట మేలు.

ఇక క్రొత్తదాని ఫలితము. తొలినాళ్లలో దూరమే పెద్ద లోటు. విమానములో గంటసేపు పయనించువాడు బండిలో రెండు గంటలు పయనింపవలసివచ్చెను. ఈ బాధ తీర్చుటకు మెహదీపట్నమునుండి ఆరాంఘరువఱకు 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభములపై రహదారి కట్టి, పి.వి. నరసింహారావుగారి పేర 2009 అక్టోబరులో తెఱచిరి. అనగా విమానాశ్రయము తెఱచిన ఏడాదిన్నరకు దారి తెఱచిరన్నమాట. నగరము చుట్టును వెలుపలి వలయరహదారియు ఏర్పడినది. అటుపిమ్మట వృద్ధి మహావేగముతో సాగెను. 2023-24 సంవత్సరమున శంషాబాదుమీదుగా సుమారు రెండున్నర కోట్ల ప్రయాణికులు రాకపోకలు చేసిరి. బేగంపేటలో ఇది అసాధ్యము. ఈ లెక్కనుబట్టి చూడగా మార్పు తగినదేయని ఒప్పుకొనవలెను. కాని నేల యిచ్చిన రైతు ఈ రెండున్నర కోట్లలో లేకపోవచ్చును. ఎకరము నాటి వెలకు విడిచినవాడు, చుట్టుపట్ల నేల వెల ఎన్నోరెట్లు పెరుగుట చూచుచు నిలిచెను. ప్రక్కసర్వే నంబరువాడు ధనికుడైనాడు. ఇందు ధర్మమెంత యని విచారింపవలసినవారు పాలకులే కాదు, పెద్దలును.

శ్రోతలారా, ఈ కథ మనకు పరాయిది కాదు. మన విశాఖపట్టణపు విమానాశ్రయము నౌకాదళమువారి డేగా స్థావరమున నున్నది. 1981 నుండి ప్రయాణికుల విమానములు అచ్చట నడచినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాని భవనమును చిందరవందర చేసినది. మిలిటరీవారి మైదానము గనుక వారి అక్కఱ ముందు, ప్రయాణికుల అక్కఱ పిదప. ఈ కారణముననే విజయనగరము జిల్లా భోగాపురమున అల్లూరి సీతారామరాజుగారి పేర క్రొత్త విమానాశ్రయమును తలపెట్టిరి. 2019లో ఒకసారియు, 2023 మే 3న మఱియొకసారియు శంకుస్థాపనలు జరిగినవి. కట్టు భారము వహించినది ఆ జి.ఎం.ఆర్. సంస్థయే. మొదట తలపెట్టిన విస్తీర్ణము చాల హెచ్చు. రైతులు ప్రతిఘటింపగా అది క్రమముగా తగ్గి సుమారు 2,200 ఎకరములకు దిగినది. అడిగినవారికి తగ్గింపు లభించెనని దీనివలన గ్రహింపుడు.

దూరపు లెక్కయు మనమే వేసికొనవలెను. డేగా మైదానము విశాఖకు మనవైపున నున్నది. అనకాపల్లినుండి రహదారిపై గంటలోపు పయనము. భోగాపురము విశాఖకు ఆవలివైపున సుమారు 45 కిలోమీటర్లు. శ్రీకాకుళము, విజయనగరము వారికి అది చేరువ. మనకు నగరమంతయు దాటిన తరువాతి మాట. గోవాలో ఇట్టి స్థితియే ఏర్పడినది. నౌకాదళమువారి డాబోలిం మైదానముండగా, ఉత్తరమున మోపాయందు 2023 జనవరిలో రెండవ ఆశ్రయము నడకకు వచ్చినది. అయినను డాబోలిమును ప్రయాణికులకు మూయలేదు. కావున క్రొత్తది వచ్చిన పాతది మూతపడుట విధినిర్ణయము కాదు. ఒడంబడికలోని వ్రాతనుబట్టి, ప్రయాణికుల సంఖ్యనుబట్టి యుండును.

కావున ఏ ప్రాంతమునందైనను క్రొత్త విమానాశ్రయపు మాట వినబడినపుడు పెద్దలు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. కోరిన నేల యంతయు రన్‌వేకును దాని అంగములకును నిజముగా కావలసినదేనా, లేక వ్యాపారమునకై అదనముగా కోరుచున్నారా? నేల యిచ్చినవానికి వెల మాత్రమేనా, ఇల్లును, బిడ్డలకు పనియు కలవా? పోవు దారి ఆశ్రయముతో పాటు సిద్ధమగునా, పిమ్మటనా? పాత మైదానమునుగూర్చి ఒడంబడికలో ఏమి వ్రాసిరి? ఈ నాలుగును సంతకములకు ముందు అడిగిన ప్రశ్నలుగా నుండవలెను. సంతకములైన పిమ్మట అడిగినచో అవి ఫిర్యాదులగును.

విమానము ఎంత ఎత్తున ఎగిరినను దిగవలసినది ఎవరో ఒక రైతు దున్నిన నేలమీదనే. ఆ నేలకు తగిన గౌరవము నిచ్చి కట్టిన ఆశ్రయము అందఱకును ఆశ్రయమగును.